ఆకుపచ్చ పేలిక కట్టిన డబ్బా

ముందే చెబుతున్నాను, ఇందులో దయ్యం లేదు. ఉంటే నాకే సుఖంగా ఉండేది. దయ్యమని చెప్పి చేతులు దులుపుకునేవాణ్ణి. నేను చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఎవరైనా "ఎందుకో తెలీదు, అలా అయిపోయింది" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో తేలేదాకా వదలకపోవడమే నా ఉద్యోగం. మా అత్తగారు మా అమ్మాయికి దిష్టి తీస్తుంటే పక్కన నిలబడి నవ్వేవాణ్ణి. అలాంటి నేను ఈ ఒక్క విషయంలో మాత్రం ఎటూ తేల్చుకోలేక కొట్టుకుంటున్నాను.

మేం బెంగళూరు నుంచి వరంగల్ వచ్చింది కిందటేడు, బడులు తెరిచే రోజుల్లో. అక్కడ నా ఉద్యోగం పోయింది. అదే సమయానికి మా ఆవిడ సుజాతకి ఇక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నాది తెనాలి వైపు, ఆమెది ఖమ్మం. వరంగల్ ఇద్దరికీ కొత్తే. కొత్తవాడ దగ్గర ఒక గల్లీలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. సుజాత కాలేజీకి, మా మిన్ను స్కూలుకి, నేను ఇంటిపట్టున. అదీ మా ఏర్పాటు.

ఈ ఊరు నాకు మొదటి రోజు నుంచీ పడలేదు. ఊరిది తప్పని అనను, నా బుర్ర అలాంటిది. బెంగళూరులో మా ఎదురు ఫ్లాట్ ఆయన పేరేమిటో నాకు చివరిదాకా తెలీదు. ఆయనకీ నా పేరు తెలీదు. హాయిగా ఉండేది. ఇక్కడ పాలబ్బాయి దగ్గర్నుంచి ఇస్త్రీ చేసేవాడిదాకా అందరూ అడిగేది ఒకటే, "సార్ ఇంట్లనే ఉంటడా?" అని. నన్ను కాదు, నా ముందే సుజాతని. షేర్ ఆటోలో నా మోకాలి మీద ఎవరిదో కూరగాయల సంచి ఉండేది. దించమంటే "జర పట్టుకోండి సార్, వచ్చేసినం" అనేవాళ్ళు. మధ్యాహ్నం ఏదైనా కొందామంటే షట్టర్ సగం దించి లోపల నిద్ర. ఆరు నెలలు చూద్దాం, నచ్చకపోతే నేను తిరిగి బెంగళూరు వెళ్ళిపోతానని సుజాతతో ముందే ఒప్పందం చేసుకున్నాను.

మేం దిగిన రెండు మూడు రోజులకి, ఇంకా అట్టపెట్టెలు కూడా విప్పలేదు, పొద్దున పదకొండు ప్రాంతంలో తలుపు చప్పుడైంది. తీస్తే ఒక పెద్దావిడ. జుట్టు ఒక పక్కకి ముడి, నుదుటి మీద రూపాయంత బొట్టు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా.

"ఏం కొడుకా, మంచిగున్నవా? ఇగో నీ డబ్బ. ఖాళీగ ఇయ్యొద్దని జర సర్వపిండి పెట్టిన. వేడి మీదుంది, తిను."

ఇక్కడివాళ్ళ పద్ధతి అది. తీసుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వరు, పిడికెడు పంచదారైనా వేసి ఇస్తారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. ఆవిడ మాత్రం ఆగలేదు.

"నువ్వు లేకుంటే మా ఆయిన దక్కకపోతుండె. ఆటోల ఆయిన చెప్పులు ఒళ్ళె పెట్టుకొని కూసున్నవు. కన్నకొడుకు గూడ అట్ల చెయ్యడు బిడ్డా."

పెద్దమ్మా, మేం మొన్ననే వచ్చాం, మీరు ఇంకెవరినో చూసి నేననుకుంటున్నారు అని చెప్పాను. ఆవిడ నవ్వింది. "గట్లనే అంటవులే" అని డబ్బా నా చేతిలో పెట్టి, నా చెంప మీద అరచేత్తో ఒకసారి రాసి వెళ్ళిపోయింది. ఇంట్లోవాళ్ళు కాక బయటివాళ్ళు నన్ను ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. చిరాకు పడాలో ఏం చెయ్యాలో తెలీలేదు.

పాత అద్దెవాళ్ళలో ఎవరినో చూసి నేననుకుందని సరిపెట్టుకున్నాను. డబ్బా మూత తీస్తే ఆవిరి వచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకి అద్ది కాల్చిన రొట్టె, ముక్కలుగా చేసి పెట్టింది. అప్పుడు చూశాను మూత మీద. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు, కె. అనసూయ. మా అమ్మ పేరు.

మా ఇళ్ళల్లో ఏ స్టీలు సామాను కొన్నా పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చుకునేవాళ్ళు కాదు కదా. ఈ డబ్బా మా అమ్మ నా బడి కోసం కొన్నది. మూత అంచు మీద సొట్ట నేను ఏడో తరగతిలో బల్ల మీంచి పడేసినప్పటిది. సామాను దించేటప్పుడు పెట్టెలోంచి జారిపడి ఉంటుంది, ఈవిడకి దొరికి ఉంటుంది అనుకున్నాను. పిడికి ఆకుపచ్చ గళ్ళ గుడ్డపేలిక ఒకటి కట్టి ఉంది, అదొక్కటే మాది కాదు. సాయంత్రం సుజాత, మిన్ను సర్వపిండి తిన్నారు. మిన్ను కారమని ఏడుస్తూనే మూడు ముక్కలు తింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ డబ్బా వచ్చిందనడానికి నేనొక్కణ్ణే సాక్షిని కాదు.

ఆదివారం సుజాత వంటింటి పెట్టె విప్పింది. టేపు వేసింది వేసినట్టే ఉంది. అందులో అడుగున, పాత పేపర్లో చుట్టి, మా అమ్మ టిఫిన్ డబ్బా ఉంది.

రెండూ గట్టు మీద పక్కపక్కన పెట్టాను. అదే పేరు, అవే చుక్కలు, అదే చోట అదే సొట్ట. కట్టిన పేలిక తప్ప తేడా లేదు. సుజాత తేలిగ్గా తీసుకుంది. అప్పట్లో జతగా అమ్మేవాళ్ళు, మీ అమ్మ రెండూ కొని ఉంటుంది అంది. సొట్ట కూడా జతగా అమ్మేవాళ్ళా అన్నాను. నాకు పని లేక ఇలాంటివి పట్టుకుంటున్నానంది. అందులో కొంత నిజం ఉంది కాబట్టి కోపం ఎక్కువ వచ్చింది. అమ్మకి ఫోన్ చేశాను. "ఒకటే రా. నువ్వు పడేసి సొట్ట పెట్టుకొచ్చావుగా, నిన్ను కొట్టాను కూడా" అంది అమ్మ.

ఆ వారమే ఇంకోటి జరిగింది. హనుమకొండ చౌరస్తాలో ఆటో ఎక్కాను. ముందు అద్దానికి ఒక చంటిపిల్ల బూటు వేలాడదీసి ఉంది, ఎర్రది, ఒక్కటే. డ్రైవరు అద్దంలో నన్ను రెండుసార్లు చూసి, "పెద్దాయన మంచిగైండా సార్?" అన్నాడు. ఏ పెద్దాయన అన్నాను. "గదే సార్, మనం దవాఖానకు తోలుకపోయినం గదా." నేను కాదు బాబూ అంటే ఒప్పుకున్నాడు గానీ, దిగేదాకా అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

ఇక ఆగలేక ఆ పెద్దావిడ ఇల్లు కనుక్కుని వెళ్ళాను. మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే. ఆవిడ పేరు కొమురమ్మ. గడప ముందు మెట్టు మీద ఆవిడ భర్త సాంబయ్య కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఒకప్పుడు జంపఖానాలు నేసిన మనిషి, బక్కగా ఉన్నా గట్టిగా ఉన్నాడు. మొన్న డబ్బా ఇచ్చారు కదా, పెద్దాయనకి ఒంట్లో ఎప్పుడు బాగాలేదు అని అడిగాను.

కొమురమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏం మాటలయ్యా అవి? ఆయినకేమైంది? దవాఖాన మొకం సూడలె ఇప్పటిదాంక. నిన్ను సూసుడు గూడ గిదే మొదలు."

నటన కాదు అది. నిజంగానే నన్ను ఎరగదు. పైగా కట్టుకున్నవాడికి ఏదో అయిందని అడిగినందుకు నొచ్చుకుంది. చెంప నిమిరిన చెయ్యి ఇదే, గొంతు ఇదే, నాకు అనుమానం లేదు. ఏదో సర్దిచెప్పి లేవబోతూ సాంబయ్య భుజం మీది తువ్వాల చూశాను. ఆకుపచ్చ గళ్ళు. ఆయన తనకోసం నేసుకున్నదట, అలాంటిది ఇంకోటి లేదట. నాలుగంచులూ చూశాను. ఎక్కడా చిరుగు లేదు. ఇంటికొచ్చి డబ్బాకున్న పేలిక పట్టుకుని చూస్తే అదే నేత, అవే గళ్ళు.

సుజాతకి ఇది చెప్పలేదు. చెప్తే మంచి డాక్టరు ఎక్కడున్నాడని వెతికేది. పేలిక డబ్బాలో చింతపండు పోసి అటక మీదికి తోశాను.

నెలలు గడిచాయి. కొమురమ్మ మొదటి కోపం మర్చిపోయింది. సాంబయ్య మా టీవీలో క్రికెట్ చూడ్డానికి వచ్చేవాడు. ఎవరు గెలుస్తున్నారని అడిగేవాడు, చెప్పగానే కుర్చీలోనే నిద్రపోయేవాడు. మిన్నుకి గల్లీ నిండా స్నేహితులు. "వస్తానవా, పోతానవా" అని వాళ్ళ మాట కూడా పట్టేసింది. నాకు మాత్రం రోజూ సాయంత్రమయ్యేసరికి నేనెవరికీ అక్కర్లేని మనిషినైపోయానని దిగులు. దాన్ని ఊరి మీద కోపంగా మార్చుకుని తిరిగేవాణ్ణి.

చలికాలంలో బెంగళూరు నుంచి పాత మేనేజరు ఫోన్ చేశాడు. ఉద్యోగం ఉంది, సోమవారం పొద్దున ఆఫీసులో ఉండాలి అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. సుజాత వెయ్యలేదు. "నువ్వు వెళ్ళు. మేం రాం. మిన్ను ఇప్పుడిప్పుడే నవ్వుతోంది, దాన్ని మళ్ళీ ఆ ఫ్లాట్లో పెట్టి తాళం వెయ్యలేను" అంది. కొన్నాళ్ళు నేనక్కడ మీరిక్కడ అన్నాను. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని ఆమె అడిగింది. ఇద్దరికీ తెలుసు, ఆ రైలు ఎక్కితే మా మధ్య ఏదో తెగుతుందని. అయినా నేను బ్యాగు సర్దాను.

ఆదివారం మధ్యాహ్నం ఖాజీపేటలో రైలు. సుజాత గుమ్మందాకా రాలేదు. మిన్ను ఆటల్లో ఉంది. గల్లీ చివర ఆటో ఆపి బ్యాగు లోపల పెట్టానో లేదో, వెనక నుంచి కొమురమ్మ కేక. సాంబయ్య మెట్టు పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. మొహం బూడిద రంగు, చెమట్లు, చెయ్యి ఛాతీ మీద.

నేను ఆలోచించలేదు. డ్రైవరూ నేనూ ఆయన్ని ఎత్తి ఆటోలో వేశాం. ఆయన తల నా భుజానికి ఆనించుకున్నాను. కొమురమ్మ ఏడుస్తూనే వంగి, మెట్టు దగ్గర విడిచిన ఆయన చెప్పులు తీసి నా మీద పెట్టింది. "ఇవి గూడ పట్టు కొడుకా, మళ్ల నడిచి రావాలె గద" అని తను ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుంది. కింద నా బ్యాగు ఉంది, చెప్పులు ఒళ్ళోనే పెట్టుకున్నాను.

ఆటో పెద్ద రోడ్డెక్కాక తలెత్తి ముందుకి చూశాను. అద్దానికి ఎర్ర బూటు ఊగుతోంది, ఒక్కటే. తల దించితే ఒళ్ళో చెప్పులు.

వెన్నులోంచి చలి పాకిందని రాస్తారు, నాకు అలాంటిదేం కాలేదు. ఒక్కటే అనిపించింది, ఈయన బతుకుతాడు. ఎందుకంటే దక్కాడని ఆవిడ నాకు జూన్‌లోనే చెప్పింది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. నేను గనక మధ్యలో వెళ్ళిపోతే? ఆ మాట అప్పుడూ నిలబడుతుందా?

దవాఖానలో ఆయన్ని వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. గుండెపోటు, సమయానికి తెచ్చారు అన్నారు డాక్టరు. డ్రైవరు వెళ్ళబోతుంటే ఆపి అడిగాను, ఎండాకాలం అయ్యాక నన్ను చౌరస్తాలో ఎక్కించుకున్నావు గుర్తుందా అని. "నేను గీ ఆటో తీసుకొనే నెల కాలె సార్" అన్నాడు. బూటు వాళ్ళ పాపదట. ఆ పాప పుట్టిందే దసరాకట. నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

వాళ్ళబ్బాయి సూరత్‌లో మిల్లులో పనిచేస్తాడు, వచ్చేసరికి ఎంత లేదన్నా మంగళవారం. కొమురమ్మకి లిఫ్టు ఎక్కడుందో కూడా తెలీదు. మేనేజరుకి ఫోన్ చేసి పక్కింటాయనకి బాగాలేదు, రెండు రోజులు ఆగమన్నాను. చుట్టమా అని అడిగాడు. కాదన్నాను. అయితే సోమవారం దాటితే కష్టమన్నాడు. సరే అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో నాకే తెలీదు.

మర్నాడు పొద్దున సుజాత అన్నం, చారు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. నా చొక్కా కాలరు సరిచేసింది. దవాఖానకి చేరాకే చూశాను, అది అమ్మ డబ్బా. పేలిక లేనిది. వరండాలో రోగుల తాలూకు మనుషులంతా అలాంటి డబ్బాలతోనే ఉన్నారు. కొమురమ్మ మా డబ్బాని అటూ ఇటూ తిప్పింది.

"అన్ని గిసువంటివే ఉన్నయి. నాకు సదువు రాదు, గుర్తు పెట్టుకోవాలె" అంది. పక్కన పెట్టుకున్న సాంబయ్య ఆకుపచ్చ తువ్వాల తీసి, అంచు పళ్ళతో కొరికి, సర్రున ఒక పేలిక చింపింది. దాన్ని డబ్బా పిడికి రెండు ముళ్ళు వేసి కట్టింది.

అవే ముళ్ళు. నేను లేచి బయటికెళ్ళి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. టీ చెప్పానని కూడా గుర్తులేదు, చల్లారిపోయాక చేతిలో చూసుకున్నాను.

సాంబయ్య బతికాడు. వాళ్ళబ్బాయి వచ్చాడు. డిశ్చార్జి రోజు ఆయన తన చెప్పులు తనే వేసుకుని మెల్లగా నడిచి ఆటో ఎక్కాడు. బెంగళూరు ఉద్యోగం పోయింది. ఇప్పుడు హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకి టెస్టింగ్ చెబుతున్నాను. పాలబ్బాయి ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతున్నాడు, సార్ ఇంత పొద్దున్నే ఎటు పోతాండు అని.

వాళ్ళు ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి కొమురమ్మ మా ఇంటికి వచ్చింది. వట్టి చేతులు. మొహం చిన్నబుచ్చుకుని ఉంది.

"తప్పయింది కొడుకా. దవాఖాన నుంచి మా ఇంటికొచ్చిన నీ డబ్బ పోయింది."

పొద్దున సర్వపిండి చేసిందట. ముక్కలు చేసి మా డబ్బాలోనే పెట్టి, మూత పెట్టి, పొయ్యి గట్టు మీద ఉంచిందట. చీర మార్చుకుని వచ్చేసరికి లేదట. ఇల్లంతా వెతికింది. కొడుకుతో సూరత్ నుంచి వచ్చిన మనవడు ఎరగనన్నాడు. పిల్లి తిందనుకుందామంటే పిల్లి డబ్బాతో సహా ఎత్తుకుపోదు కదా అని తనే అంది.

నేను అటక మీంచి డబ్బా దించి, చింతపండు పక్కన పోసి, ఆవిడ చేతికిచ్చాను. ఆకుపచ్చ పేలిక కాస్త మాసింది. ముడి అలాగే ఉంది. ఆవిడ ఆ ముడిని వేలితో తడిమింది.

"గిది నేను కట్టిందే. నేనెప్పుడిచ్చిన?"

ఇచ్చారు పెద్దమ్మా, చాలా రోజులైంది అన్నాను. ఎలా వచ్చిందని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఆవిడ దిగులు వేరే.

"ఖాళీగ ఇచ్చిన్నా?"

"లేదు. సర్వపిండి పెట్టే ఇచ్చారు."

"వేడిగుండెనా?"

"ఉంది. మూత తీస్తే ఆవిరొచ్చింది."

"అయితే మంచిదే" అని డబ్బా తిరిగి నా చేతిలో పెట్టింది. నా చెంప మీద అరచేత్తో రాసి, చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా ఎలా జరిగిందంటే నేను చెప్పలేను. జూన్‌లో నా గుమ్మంలో నిలబడింది ఎవరో నాకిప్పటికీ తెలీదు. మా ఇంట్లో ఇప్పుడు డబ్బా ఒక్కటే ఉంది. ఆవిడ ముందుగా వచ్చి ఆ మాట అనకపోయి ఉంటే ఆ ఆదివారం నేను చెప్పులు ఒళ్ళో పెట్టుకునేవాణ్ణా, రైలెక్కేవాణ్ణా అని ఒక్కోసారి అనుకుంటాను. పెట్టుకునేవాణ్ణనే నమ్మాలని ఉంది. సుజాతని అడిగితే, నువ్వే కదా పెట్టుకున్నది, ఇంకేం కావాలి అంటుంది. నాకు ఇంకా కావాలి. పేలిక మాత్రం విప్పలేదు.